స్వచ్ఛంద అంబులెన్స్ సేవలు: సిబ్బంది, నిర్వహణ సమస్యలు (అమెరికా)

నిర్వచనం, పరిధి

జీతం లేకుండా, లేదా నామమాత్రపు భత్యంతో, స్థానిక పౌరులే నడుపుకునే అత్యవసర వైద్య రవాణా సేవను స్వచ్ఛంద అంబులెన్స్ సేవ అంటారు. అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో ఇవి రెస్క్యూ స్క్వాడ్, ఫస్ట్ ఎయిడ్ స్క్వాడ్, అంబులెన్స్ కోర్ వంటి పేర్లతో పనిచేస్తాయి. కొన్ని స్వతంత్ర లాభాపేక్ష రహిత సంస్థలు, కొన్ని స్వచ్ఛంద అగ్నిమాపక దళాలకు అనుబంధాలు. చిన్న పట్టణాల్లో, పల్లెల్లో 911 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే అంబులెన్స్ చాలాచోట్ల వీరిదే.

ఈ వ్యాసం ప్రధానంగా అమెరికా సంస్థల సిబ్బంది కొరతను, వాటి అంతర్గత నిర్వహణలోని చిక్కులను వివరిస్తుంది. పోలిక కోసం ఇతర దేశాల పద్ధతులు, తెలుగు రాష్ట్రాల 108 సేవ చివరి భాగాల్లో ఉన్నాయి.

చరిత్ర

అమెరికాలో తొలి స్వచ్ఛంద రెస్క్యూ దళంగా పేరొందినది వర్జీనియా రాష్ట్రంలోని రోనోక్ లైఫ్ సేవింగ్ అండ్ ఫస్ట్ ఎయిడ్ క్రూ. దీన్ని 1928లో జూలియన్ స్టాన్లీ వైజ్ స్థాపించారు. 1909లో రోనోక్ నదిలో పడవ బోల్తాపడి ఇద్దరు మునిగిపోతుంటే ఒడ్డున ఉన్నవారు నిస్సహాయంగా చూస్తూ ఉండిపోయారు. అప్పటికి బాలుడైన వైజ్ ఆ దృశ్యాన్ని కళ్లారా చూశారు. పెద్దయ్యాక నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వేలో పనిచేస్తూ, కొందరు సహోద్యోగులను కూడగట్టి దళాన్ని ఏర్పాటు చేశారు. న్యూజెర్సీ తీరప్రాంతంలోనూ దాదాపు అదే కాలంలో ఫస్ట్ ఎయిడ్ స్క్వాడ్‌లు పుట్టాయి.

1960ల దాకా రోగులను ఆసుపత్రికి చేర్చే పనిలో పెద్ద భాగం అంత్యక్రియల సంస్థలదే. మనిషిని పడుకోబెట్టి తీసుకెళ్లగల పొడవాటి వాహనం ఊళ్లో వారి దగ్గరే ఉండేది. 1966లో జాతీయ విజ్ఞాన అకాడమీ ప్రమాద మరణాలపై వెలువరించిన నివేదిక, దేశంలోని అంబులెన్స్ సేవల్లో దాదాపు సగం ఇలాంటి సంస్థల చేతుల్లోనే ఉన్నాయని చెప్పింది. అదే ఏడాది వచ్చిన రహదారి భద్రత చట్టం రాష్ట్రాలకు అత్యవసర వైద్య ప్రమాణాలు నిర్దేశించే దారి వేసింది. శిక్షణ, పరికరాల నిబంధనలు పెరగడంతో అంత్యక్రియల సంస్థలు క్రమంగా తప్పుకున్నాయి. ఖాళీ అయిన చోట్ల చాలావాటిని స్వచ్ఛంద దళాలు భర్తీ చేశాయి.

1973 నాటి అత్యవసర వైద్య సేవల వ్యవస్థల చట్టంతో ప్రాంతీయ వ్యవస్థల నిర్మాణానికి సమాఖ్య నిధులు వచ్చాయి. 1981లో ఆ నిధులను రాష్ట్రాలకిచ్చే ఉమ్మడి గ్రాంటులో కలిపేశారు. గ్రాంటును దేనికి ఖర్చుపెట్టాలో రాష్ట్రాల ఇష్టమైంది. ప్రమాణాలు మాత్రం వెనక్కి పోలేదు. ప్రమాణాలు పైనుంచి, ఖర్చు కిందినుంచి అన్న ఏర్పాటు అప్పటి నుంచే బలపడింది. నేటి సమస్యల్లో చాలావాటికి మూలం అక్కడ కనిపిస్తుంది.

స్వచ్ఛంద సేవ పల్లెలకే పరిమితం కాలేదు. న్యూయార్క్ నగరం బ్రూక్లిన్‌లో 1988లో జేమ్స్ రాకీ రాబిన్సన్, జో పెరెజ్ కలిసి బెడ్‌ఫర్డ్-స్టైవెసెంట్ వాలంటీర్ అంబులెన్స్ కోర్‌ను స్థాపించారు. అంబులెన్స్ ఆలస్యంగా వచ్చే నల్లజాతీయుల పేటలో, మొదట్లో వాహనం కూడా లేకుండా, నడిచి వెళ్లి చికిత్స అందించారు. పేటలోని యువతకు శిక్షణ ఇచ్చి వైద్య వృత్తుల్లోకి పంపడం ఈ సంస్థ చేసిన మరో పెద్ద పని.

సిబ్బంది స్థాయులు

జాతీయ నమూనాలో నాలుగు స్థాయులున్నాయి: అత్యవసర వైద్య స్పందకులు, అత్యవసర వైద్య సాంకేతిక సిబ్బంది (ఈఎంటీ), అడ్వాన్స్‌డ్ ఈఎంటీ, పారామెడిక్. లైసెన్సు ఇచ్చేది రాష్ట్రం. 1970లో ఏర్పడిన జాతీయ ఈఎంటీ రిజిస్ట్రీ పరీక్షను చాలా రాష్ట్రాలు ప్రాతిపదికగా తీసుకుంటాయి. స్వచ్ఛంద దళాల్లో ఎక్కువమంది ఈఎంటీ స్థాయివారు. పారామెడిక్ చదువుకు వెయ్యి గంటలకు పైగా పడుతుంది గనుక, జీతం లేకుండా ఆ స్థాయిలో పనిచేసేవారు తక్కువ. న్యూజెర్సీలో పారామెడిక్ బృందాలు ఆసుపత్రులకు అనుబంధంగా ఉంటాయి. స్వచ్ఛంద దళం ప్రాథమిక చికిత్స, రవాణా చూసుకుంటుంది. ఒకే రోగి దగ్గరకు రెండు సంస్థల వాహనాలు వచ్చి కలుస్తాయి.

డ్యూటీ పట్టిక లెక్క

వారానికి 168 గంటలు. అంబులెన్స్‌లో కనీసం ఇద్దరుండాలి, ఒకరు నడపడానికి, ఒకరు వెనక రోగి దగ్గర. అంటే ఒక్క వాహనం నిరంతరం సిద్ధంగా ఉండాలంటే వారానికి 336 మనిషి-గంటలు కావాలి. 12 గంటల డ్యూటీలైతే వారానికి 14, వాటిలో 28 స్థానాలు. ప్రతి సభ్యుడూ వారానికి ఒక పూర్తి డ్యూటీ చేస్తే 28 మంది సరిపోతారు. అదీ ఎవరికీ జబ్బు చేయకుండా, ఎవరింట్లోనూ పెళ్లీ చావూ లేకుండా ఉంటేనే.

పేర్ల జాబితా వేరు, పనిచేసే సభ్యులు వేరు. జాబితాలో చాలామంది కనిపించినా, అందులో కొందరు వాహనం నడపడానికే అర్హులు, కొందరి ధ్రువీకరణ గడువు దాటి ఉంటుంది, కొందరు సమావేశాలకు మాత్రమే వస్తారు. మిగిలిన కొద్దిమంది వారానికి మూడు నాలుగు డ్యూటీలు భుజాన వేసుకుంటారు. వారిలో ఒకరు ఊరు మారినా, మోకాలి శస్త్రచికిత్స చేయించుకున్నా పట్టికలో పెద్ద రంధ్రం పడుతుంది.

అన్నిటికంటే కష్టమైన వేళ పనిదినాల పగలు. రాత్రిళ్లు సభ్యులు ఊళ్లో ఉంటారు, పేజర్ మోగితే ఇంటి నుంచి స్టేషన్‌కు వెళ్లగలరు. ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా వారంతా పక్క నగరంలో ఉద్యోగాల్లో ఉంటారు. ఒకప్పుడు ఊరి కర్మాగారం యజమాని, దుకాణదారు తమ పనివారిని కాల్ రాగానే వెళ్లనిచ్చేవారు. ఆ కర్మాగారాలు మూతపడ్డాయి. దూరంలోని సంస్థలకు అలా వదిలే కారణం లేదు.

కాల్‌కు ఎవరూ పలకకపోతే, అంబులెన్స్‌లను పంపే పంపిణీ కేంద్రం మళ్లీ పేజర్ మోగిస్తుంది. అప్పటికీ సిబ్బంది కుదరకపోతే పొరుగు దళాన్ని పిలుస్తుంది. దీన్ని పరస్పర సహాయం అంటారు. పెద్ద ప్రమాదాల్లో, ఒకేసారి రెండు కాల్స్ వచ్చినప్పుడు ఆదుకోవడానికి పుట్టిన ఏర్పాటిది. దాన్ని రోజువారీ పట్టికలోని ఖాళీలకు వాడటం మొదలయ్యాక, పొరుగు ఊరివారు తమ పన్నులతో, తమ సభ్యులతో రెండు ఊళ్లు మోస్తున్నారు. సహాయానికి వెళ్లిన వాహనం సొంత ఊరిని ఖాళీ చేసి వెళ్తుంది. అప్పుడు అక్కడ కాల్ వస్తే మూడో ఊరిని పిలవాలి. రోగి వైపు నుంచి చూస్తే ఈ గొలుసులో గడిచేదంతా నిమిషాలే. గుండె ఆగినప్పుడు ఆ నిమిషాలే ప్రాణం.

సభ్యుల తరుగుదల: కారణాలు

పరోపకార బుద్ధి తగ్గిపోయిందన్న వివరణ తరచుగా వినిపిస్తుంది. సమస్యను అది పెద్దగా వివరించదు. 1970ల ఆరంభంలో ఈఎంటీ ప్రామాణిక పాఠ్యక్రమం 81 గంటలు. ఇప్పుడది 150 గంటలు దాటింది. జాతీయ ధ్రువీకరణ నిలుపుకోవాలంటే రెండేళ్లకోసారి 40 గంటల పునశ్చరణ పూర్తి చేయాలి. రక్తం ద్వారా సోకే వ్యాధుల నుంచి రక్షణ, రోగి సమాచార గోప్యత, వాహన చోదన వంటివాటికి వేరే శిక్షణలున్నాయి. ప్రతి కాల్ తర్వాత ఎలక్ట్రానిక్ నివేదిక నింపాలి. ఇవేవీ అనవసరం కాదు, రోగికి మేలు చేసేవే. అయితే ఒకే ఇంట్లో ఇద్దరూ ఉద్యోగం చేసే, రెండో ఉద్యోగం కూడా వెతుక్కునే కుటుంబాలకు అన్ని గంటలు ఎక్కడి నుంచి వస్తాయి?

జనాభా మార్పు మరో కారణం. పల్లెల యువత నగరాలకు వెళ్తోంది. ఉన్న సభ్యుల వయసు పెరుగుతోంది, వారు సేవ చేసే ఊరు కూడా ముసలిదై కాల్స్ పెరుగుతున్నాయి. 2010 తర్వాత దేశంలో వందకు పైగా గ్రామీణ ఆసుపత్రులు మూతపడ్డాయి, లేదా రోగులను చేర్చుకోవడం మానేశాయి. పది మైళ్ల ప్రయాణం యాభై మైళ్లయితే గంటలో ముగిసే కాల్‌కు సగం పూట పడుతుంది. మధ్యాహ్నం దుకాణం మూసి వచ్చిన సభ్యుడికి ఆ రోజు వ్యాపారం పోయినట్టే.

2018లో పెన్సిల్వేనియా శాసనసభ నియమించిన కమిషన్, ఆ రాష్ట్రంలో 1970లలో దాదాపు మూడు లక్షలున్న స్వచ్ఛంద అగ్నిమాపక సభ్యుల సంఖ్య సుమారు 38,000కు పడిపోయిందని అంచనా వేసింది. అంబులెన్స్ దళాలు సభ్యులను తెచ్చుకునేది ఎక్కువగా అదే కుటుంబాల నుంచి, అదే స్టేషన్ల నుంచి.

మానసిక భారాన్ని లెక్కించడం కష్టం. నగర పారామెడిక్‌కు రోగి సాధారణంగా అపరిచితుడు. చిన్న ఊరి ఈఎంటీ తలుపు తట్టే ఇల్లు తన బడి పంతులుదో, పక్కింటి పిల్లాడిదో అవుతుంది. ఆ రోగి బతకకపోతే మర్నాడు అదే కుటుంబానికి కిరాణా కొట్లో ఎదురుపడాలి. జీతానికి పనిచేసేవారికి సంస్థ తరఫున సలహా సేవలుంటాయి. స్వచ్ఛంద దళాల్లో అలాంటి ఏర్పాటు ఉన్నవి తక్కువ. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు వయసు మీరిన, అనారోగ్యం ఉన్న సభ్యులను దళాలు డ్యూటీల నుంచి తప్పించాల్సి వచ్చింది. పట్టిక నిలబడింది వారి భుజాల మీదే కాబట్టి దెబ్బ రెండింతలైంది.

పాలన: అధ్యక్షుడు, కెప్టెన్, వైద్య డైరెక్టర్

స్వతంత్ర దళంలో సాధారణంగా రెండు వరుసల అధికారం ఉంటుంది. అధ్యక్షుడు, కోశాధికారి, ధర్మకర్తల మండలి సంస్థ డబ్బును, ఆస్తిని చూస్తారు. కెప్టెన్, లెఫ్టినెంట్లు డ్యూటీలు, వాహనాలు, క్రమశిక్షణ చూస్తారు. చాలాచోట్ల ఈ రెండు వరుసలవారినీ సభ్యులే ఎన్నుకుంటారు. వీరికి బయట వైద్య డైరెక్టర్‌గా ఒక డాక్టర్ ఉంటారు. చికిత్స నియమావళి, తప్పొప్పుల సమీక్ష ఆయన లేదా ఆమె పర్యవేక్షణలో జరుగుతాయి.

ఎన్నికైన కెప్టెన్ ఓట్లేసినవారినే మందలించాలి. డ్యూటీకి పదే పదే రాని సభ్యుడిని తొలగిస్తే పట్టికలో మరో ఖాళీ. తొలగించకపోతే క్రమం తప్పకుండా వచ్చేవారికి మనసు విరుగుతుంది. కొత్త సభ్యుల విషయంలోనూ ఇదే చిక్కు. పాత కుటుంబాలు, పాత స్నేహాలు అల్లుకున్న స్టేషన్‌లోకి వచ్చిన కొత్తవారికి ఎవరూ పని చెప్పకపోతే, నెలల తరబడి పర్యవేక్షణ దశలోనే ఉంచితే, వారు మెల్లగా రావడం మానేస్తారు. కొరత ఉన్న దళాల్లో కొత్తవారిని చేర్చుకోవడం గురించి ఎంతో మాట్లాడతారు, చేరినవారు ఎందుకు వెళ్లిపోయారని అడిగేవారు అరుదు. వెళ్లిపోయేవారితో ఒక మాట మాట్లాడి కారణం రాసిపెట్టుకోవడానికి డబ్బు అక్కర్లేదు.

మంచి ఈఎంటీ మంచి నిర్వాహకుడు కావాలని లేదు. బీమా, పన్ను పత్రాలు, మందుల నిల్వ, గడువు తేదీలు, వాహన తనిఖీలు, రాష్ట్ర పరిశీలనకు రికార్డులు అన్నీ సాయంత్రం ఉద్యోగం నుంచి వచ్చిన మనిషి చూసుకోవాలి. డబ్బు లెక్కలు ఏళ్ల తరబడి ఒకే కోశాధికారి చేతిలో, నమ్మకం మీద నడిచిన చోట నిధులు పక్కదారి పట్టిన కేసులు అనేక రాష్ట్రాల్లో కోర్టులకెక్కాయి. చెక్కుపై రెండు సంతకాలు, బ్యాంకు వివరాలు మరొకరు నెలనెలా చూడటం, బయటి ఆడిటు: ఆడిటర్లు సూచించే జాగ్రత్తలివి. దగ్గరి స్నేహితుల సంస్థలో ఇలాంటివి అడగడం అనుమానించినట్టు ఉంటుందని వాయిదా వేస్తుంటారు. లెక్క అడగడం కోశాధికారికీ రక్షణేనని సభ్యులు ముందుగానే ఒప్పుకున్న చోట ఈ సంకోచం ఉండదు.

ఆదాయం, వ్యయం

సంప్రదాయికంగా దళాలు చందాలు, విందులు, బింగో ఆటలు, ఇంటింటికీ పంపే విరాళ లేఖల మీద బతికాయి. కొన్ని రాష్ట్రాల్లో కుటుంబానికి ఏడాదికింతని సభ్యత్వ రుసుము కట్టించుకునే పద్ధతి ఉంది. కొత్త అంబులెన్స్ ధర ఇప్పుడు రెండు లక్షల డాలర్లు దాటుతోంది. విందులతో అంత మొత్తం సమకూరదు.

అందువల్ల చాలా దళాలు రోగి బీమాకు బిల్లు పంపడం మొదలుపెట్టాయి. వృద్ధుల సమాఖ్య బీమా అయిన మెడికేర్ 2002 నుంచి జాతీయ రుసుముల పట్టిక ప్రకారం చెల్లిస్తోంది. కాల్‌కు ఒక మూల రేటు, దానికి తోడు మైళ్ల లెక్క. చెల్లింపు దొరికేది రవాణాకు. రోగి ఇంట్లోనే కోలుకుని ఆసుపత్రికి రానంటే, సిబ్బంది గంటసేపు శ్రమించినా సాధారణంగా ఏమీ రాదు. ఈ లోపాన్ని సరిచేయడానికి 2021లో మెడికేర్ మొదలుపెట్టిన ఈటీ3 ప్రయోగాన్ని 2023 చివర ముగించారు. న్యూయార్క్‌లో అగ్నిమాపక దళాలకు చెందిన అంబులెన్స్‌లు బిల్లు వేయడానికి చట్టం ఒప్పుకునేది కాదు. 2022లో ఆ నిషేధాన్ని సడలించారు.

సిద్ధంగా ఉండటానికే అయ్యే ఖర్చును ఎవరూ నేరుగా చెల్లించకపోవడం ఈ వ్యవస్థకు మూలలోపం. ఇద్దరు సిబ్బంది ఏడాది పొడవునా ఉండాలంటే 17,520 గంటలు. గంటకు 20 డాలర్ల జీతం వేసుకున్నా 3,50,400 డాలర్లు. ఏడాదికి 300 కాల్స్ వచ్చే ఊరైతే ఒక్కో కాల్‌కు జీతాలే 1,168 డాలర్లు. మెడికేర్ ఇచ్చేది అందులో కొంత భాగమే. స్వచ్ఛంద సేవ ఉన్నన్నాళ్లు ఈ మొత్తం ఊరి ఖాతాలో ఎక్కడా కనిపించదు, సభ్యుల నిద్రలో, సెలవుల్లో, కుటుంబ సమయంలో దాగి ఉంటుంది. దళం కూలిన రోజున ఒక్కసారిగా పన్ను రూపంలో ఎదురవుతుంది.

చట్టపరమైన స్థితి

అగ్నిమాపకం, పోలీసులతో సమానంగా అంబులెన్స్‌ను తప్పనిసరి సేవగా అనేక రాష్ట్రాల చట్టాలు గుర్తించలేదు. ఊరికి అంబులెన్స్ ఉండితీరాలని చెప్పే బాధ్యత ఎవరి మీదా లేని చోట దళం మూతపడితే అడిగేవారూ ఉండరు. 2021లో అయోవా రాష్ట్రం, కౌంటీలు దీన్ని తప్పనిసరి సేవగా ప్రకటించి, 60 శాతం ఓటర్ల ఆమోదంతో పన్ను వేసుకునే వీలు కల్పించింది.

1997 నాటి స్వచ్ఛంద సేవకుల రక్షణ చట్టం సద్బుద్ధితో పనిచేసిన వ్యక్తికి కొంత రక్షణ ఇస్తుంది. వాహనం నడపడంలో జరిగిన నష్టానికి అది వర్తించదు, సంస్థ బాధ్యత కూడా తొలగదు. ప్రభుత్వ దళాల్లో భత్యం విషయంలో కార్మిక శాఖ ఒక హద్దు పాటిస్తుంది. అదే పనికి పూర్తికాల ఉద్యోగికి ఇచ్చేదానిలో 20 శాతం మించితే ఆ వ్యక్తిని స్వచ్ఛంద సేవకుడిగా కాక ఉద్యోగిగా పరిగణించే అవకాశం ఉంది. సుదీర్ఘ సేవకు పింఛను తరహా పురస్కారం, ఆస్తిపన్ను రాయితీ, ఫీజుల చెల్లింపు వంటి ప్రోత్సాహకాలను రాష్ట్రాలు, పట్టణాలు అమలు చేస్తున్నాయి.

మిశ్రమ సిబ్బంది వ్యవస్థ

పగటి ఖాళీలకు జీతగాళ్లను పెట్టి, రాత్రులు, వారాంతాలు స్వచ్ఛంద సభ్యులకు వదలడం ఎక్కువ దళాలు ఎంచుకునే మధ్యే మార్గం (చూ. డ్యూటీ పట్టిక లెక్క). వర్జీనియా బీచ్‌లో నగర అత్యవసర వైద్య విభాగం జీతపు సిబ్బంది, స్వచ్ఛంద రెస్క్యూ స్క్వాడ్‌ల సభ్యులు ఒకే వ్యవస్థలో ఏళ్లుగా కలిసి పనిచేశారు.

ఈ పద్ధతిలో గొడవలు చిన్న విషయాల దగ్గరే మొదలవుతాయి. వాహనం ఎవరు కడగాలి, అయిపోయిన ఆక్సిజన్ సిలిండర్ ఎవరు మార్చాలి, పాతికేళ్లుగా ఉన్న సభ్యుడికి నిన్న చేరిన ఉద్యోగి సూచన ఇవ్వవచ్చా? అధికార వరుసను జీతం బట్టి కాక, శిక్షణ స్థాయి, హోదా బట్టి ముందే రాసి పెట్టుకుంటే ఈ తగవులు పెరగకుండా ఆపవచ్చు. జీతగాళ్లు వచ్చాక మిగతావారు మెల్లగా తప్పుకునే ప్రమాదమూ ఉంది. ఒక గంట చేసినవారికి డబ్బు, మరో గంట చేసినవారికి ధన్యవాదం అన్నప్పుడు రెండో గంటకు వచ్చేవారు తగ్గడం సహజం.

ఇతర దేశాల్లో

ఇటలీలోని ఫ్లోరెన్స్ మిజెరికోర్డియా 1244లో మొదలైందని చెబుతారు. అలాంటి సంఘాలు నేటికీ స్వచ్ఛంద సభ్యులతో అంబులెన్స్‌లు నడుపుతున్నాయి. ఇజ్రాయెల్‌లో మాగెన్ డేవిడ్ ఆడోమ్ 15 ఏళ్ల వయసు నుంచే యువతకు శిక్షణ ఇచ్చి సిబ్బంది పక్కన కూర్చోబెడుతుంది. కొత్త సభ్యుల కోసం వెతుక్కోవాల్సిన అవసరాన్ని అది బాగా తగ్గిస్తుంది. ఆస్ట్రియాలో సైనిక సేవకు బదులు తొమ్మిది నెలల పౌరసేవ చేసే యువకులు రెడ్ క్రాస్ అంబులెన్స్‌లకు పెద్ద ఆధారం. జర్మనీలో 2011లో నిర్బంధ సైనిక సేవను నిలిపివేసినప్పుడు ఈ తరహా పౌరసేవ కూడా ఆగిపోయింది. దాని స్థానంలో సమాఖ్య స్వచ్ఛంద సేవా పథకం తెచ్చారు. 2014 నుంచి మూడేళ్ల శిక్షణ పొందిన అత్యవసర వైద్య సహాయకుల వృత్తిని చట్టబద్ధం చేశారు.

తెలుగు రాష్ట్రాల 108 సేవతో పోలిక

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవ స్వచ్ఛంద సేవ కాదు. ప్రభుత్వం నిధులు ఇస్తుంది, ఒప్పందం పొందిన సంస్థ జీతపు ఈఎంటీలను, పైలట్ అని పిలిచే డ్రైవర్లను పెట్టుకుని నడుపుతుంది. వాహనం సిద్ధంగా ఉండటానికయ్యే ఖర్చు ఇక్కడ ప్రభుత్వ పద్దులో కనిపిస్తుంది, రోగికి బిల్లు ఉండదు. ఇక్కడి సిబ్బంది సమస్యలు వేరే రకం: పనిగంటలు, జీతాలు, ఒప్పంద సంస్థ మారినప్పుడు ఉద్యోగ భద్రత. ప్రమాద స్థలంలో సాయపడే సామాన్యుడికి 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలోని 134ఎ సెక్షన్ రక్షణ ఇస్తుంది. అమెరికా స్వచ్ఛంద దళాల్లాంటి వ్యవస్థ తెలుగు నేలపై విస్తృతంగా పెరగలేదు. అమెరికాలో స్థిరపడిన తెలుగువారు నివసించే న్యూజెర్సీ శివార్లలో మాత్రం ఇంటి ముందుకు వచ్చే అంబులెన్స్ చాలాచోట్ల ఇలాంటి స్క్వాడ్‌దే కావచ్చు.

విలీనం, మూసివేత

మళ్లీ అమెరికా దళాల విషయానికొస్తే, సభ్యులు చాలని రెండు మూడు దళాలు ఒకటై ఉమ్మడి పట్టికతో, ఒకే వైద్య డైరెక్టర్‌తో నడవడం ఒక మార్గం. కౌంటీ నేరుగా సేవను చేపట్టడం, పన్ను వేసుకునే ప్రత్యేక అంబులెన్స్ జిల్లాను ఏర్పరచడం, ఆసుపత్రికి లేదా ప్రైవేటు సంస్థకు ఒప్పందమివ్వడం మిగతా మార్గాలు. విలీనాలకు లెక్కల కంటే ఎక్కువగా అడ్డుపడేది ఊరి పేరు. వాహనం పక్కన రాసి ఉన్న తమ పట్టణం పేరును చెరిపి మరో పేరు రాయడానికి తరాలుగా సేవ చేసిన కుటుంబాలు సులభంగా ఒప్పుకోవు. పాత స్టేషన్‌ను, పాత పేరును ఉపశాఖగా ఉంచితే ఈ ప్రతిఘటన కొంత తగ్గుతుంది.

మూసివేత అనివార్యమైతే రాష్ట్రానికి, పంపిణీ కేంద్రానికి, పొరుగు దళాలకు ముందుగా తెలియజేయాలి. మందులను నిబంధనల ప్రకారం అప్పగించాలి, రోగుల రికార్డులను నిర్ణీత కాలం భద్రపరచాలి. పన్ను మినహాయింపు పొందిన సంస్థ గనుక మిగిలిన ఆస్తిని సభ్యులు పంచుకోకూడదు. భవనం, వాహనాలు, బ్యాంకు నిల్వ మరో ధార్మిక సంస్థకో, ప్రజా ప్రయోజనం కోసం ప్రభుత్వానికో చెందాలి.